గుర్రం కొనే చందా, గుర్రాన్ని మేపే చందా

నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా కథ చెప్పేవాళ్లు గుర్రాల ప్రస్తావన లేకుండా ముగించరు. గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో పన్నెండు మంది వీరుల తలలు తెగిపడితే, మొండేలను మోసుకుంటూ గుర్రాలే ఇక్కడిదాకా వచ్చాయని ఆ కథ. ఏటా మొహర్రం రోజుల్లో అక్కడ రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పట్టుకుంటారు, కోరిక తీరినవాళ్లు తర్వాతి ఏడు వచ్చి అదే రొట్టె వదులుతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. పొందినవాడు మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలన్న నియమం ఈ జిల్లా జనానికి ఎవరో నేర్పాల్సిన పని లేదు. కులం, మతం అడక్కుండా చెరువు నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారు.

ఈ వ్యాసంలో పట్టుకున్న ప్రశ్న కూడా అలాంటి ఇవ్వడం గురించే. కాకపోతే విషయం మన ప్రాంతానికి కొత్త. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేనివాళ్లను, ఆటిజం ఉన్న పిల్లలను గుర్రం ఎక్కించి స్వారీ చేయించడం, అందుకయ్యే ఖర్చును జనమే చందాలతో భరించడం. విదేశాల్లో ఇది అరవై ఏళ్లుగా నడుస్తోంది. మన దేశంలో బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో కొన్నిచోట్ల చేస్తున్నారు. నెల్లూరుకు ముప్పై కిలోమీటర్ల దూరాన, పెన్నా ఒడ్డునున్న సంగం లాంటి మండల కేంద్రంలో ఇది కుదిరే పనేనా? కుదిరితే ఎవరి డబ్బుతో, ఆ డబ్బు ఏ రూపంలో రావాలి? నా అభిప్రాయం ముందే చెబుతాను. మనకు దాతల కొరత లేదు. మన దానం ఒక్కసారి ఇచ్చి దండం పెట్టే పద్ధతికి అలవాటుపడింది. గుర్రం మాత్రం రోజూ తింటుంది.

ఈ స్వారీకి లోకంలో గుర్తింపు తెచ్చిన మనిషి డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్. 1944లో, ఇరవై మూడేళ్ల వయసులో, కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు పోలియో సోకింది. మోకాళ్ల కింద కండరాలు మళ్లీ పనిచేయలేదు. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. అయినా 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, స్త్రీలను మగవాళ్లతో పాటు డ్రెస్సాజ్ అనే గుర్రపు స్వారీ పోటీకి రానిచ్చిన మొదటిసారే, జూబిలీ అనే గుర్రం మీద వెండి పతకం గెలిచారు. 1956లో మళ్లీ వెండి. 1952లో స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు హెన్రీ సెంట్ సిర్ పతకాల వేదిక ఎక్కడానికి ఆమెకు చేయూత ఇచ్చారు. పోలియో వచ్చిన మనిషి బతుకు మంచానికే అనుకునే రోజుల్లో వైద్యుల చూపు గుర్రం వైపు మళ్లించిన ఘటన అది.

తర్వాతి కథంతా చందాల కథే. బ్రిటన్‌లో 1964లో పోనీ గుర్రాలతో ఒక చిన్న ట్రస్టు మొదలైంది. 1969లో అది రైడింగ్ ఫర్ ది డిసేబుల్డ్ అసోసియేషన్‌గా, అంటే ఆర్‌డీఏగా విస్తరించింది. అమెరికాలోనూ అదే ఏడు ఒక జాతీయ సంఘం పుట్టింది, ఇప్పుడు దాన్ని పాత్ ఇంటర్నేషనల్ అంటున్నారు. సింగపూర్‌లో ఆర్‌డీఏ 1982లో వచ్చింది, అక్కడ పిల్లలకు స్వారీ ఉచితం. వీటిలో ఏదీ ప్రధానంగా సర్కారు ఖజానా మీద ఆధారపడి బతకలేదు. బ్రిటన్‌లో వందల సంఖ్యలో ఉన్న శాఖల్లో ప్రతి ఒక్కటీ తన ఊళ్లో తన డబ్బు తానే పోగుచేసుకుంటుంది. పాతబట్టల అమ్మకం, చందా కోసం స్వారీ యాత్ర, ఒక గుర్రాన్ని ఏడాదిపాటు దత్తత తీసుకోవడం లాంటివి వాళ్ల పద్ధతులు. రాకుమారి ఆన్ 1985 నుంచి ఆ సంస్థకు అధ్యక్షురాలు. ఆ పేరు వల్ల గౌరవం వచ్చి ఉంటుంది. గుర్రాలకు గడ్డి వేసింది మాత్రం ఊరూరా ఉన్న మామూలు జనం.

అసలు గుర్రం మీద ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఈ ఖర్చు ఎందుకో తెలుస్తుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఆరేళ్ల పిల్లను తీసుకుందాం. తొడలు బిగుసుకుపోయి కత్తెర వేసినట్టు ఒకదాని మీదికొకటి వస్తుంటాయి, నడుం నిలవదు. గుర్రం వీపు ఎత్తుకు సరిపడా ఒక సిమెంటు దిమ్మె, దానికి చక్రాల కుర్చీ ఎక్కే వాలు. గుర్రాన్ని దిమ్మె పక్కన నిలబెట్టి, తలకు టోపీ పెట్టి, పిల్లను మెల్లగా వీపు మీదికి దించుతారు. చాలాసార్లు జీను ఉండదు, మెత్తటి దుప్పటి ఒకటే ఉంటుంది, గుర్రం ఒంటి వెచ్చదనం తొడలకు తగలడానికి. ముందు ఒకరు కళ్లెం పట్టుకుని నడుస్తారు. అటూ ఇటూ ఇద్దరు, పిల్ల తొడ మీద చెయ్యి వేసి, గుర్రంతో అడుగు కలుపుతారు. ఫిజియోథెరపిస్ట్ చూపు పిల్ల నడుం మీదే ఉంటుంది. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ ఒకేసారి కదులుతుంది. మనం నడిచేటప్పుడు మన కటి కదిలే తీరుకు ఇది చాలా దగ్గర. జీవితంలో ఎప్పుడూ నడవని పిల్ల నడుముకు, అడుగు వెంట అడుగుగా, నడక ఎలా ఉంటుందో అందుతుంది. గుర్రం ఆగినప్పుడు పిల్ల ముందుకు తూలుతుంది, తనే సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడమే వ్యాయామం. గదిలో బంతి మీద కూర్చోబెట్టి చేయించే వ్యాయామానికి ఏడ్చే పిల్లలు ఇక్కడ దిగనంటారు. ఈ ఒక్క కారణంతోనే దీన్ని కోరుకునే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను.

అయితే దాతల దగ్గరికి వెళ్లేటప్పుడు నిజం మొత్తం చెప్పాలి. పరిశోధనల మాట ఒక్కటిగా లేదు. దక్షిణ కొరియాలో సుమారు 90 మంది సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో సగం మందికి వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 వారాలు స్వారీ చేయించి 2015లో ఫలితాలు ప్రకటించారు. కదలికల్లో, తూకం నిలుపుకోవడంలో మెరుగుదల కనిపించింది. అంతకుముందు 2009లో ఆస్ట్రేలియాలో 99 మంది పిల్లల మీద 10 వారాల అధ్యయనం జరిగితే, స్వారీ చేసిన పిల్లలకూ చేయని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికాలో ఆటిజం ఉన్న 6 నుంచి 16 ఏళ్ల పిల్లలను రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టు గుర్రమెక్కింది, రెండో జట్టు గుర్రం లేకుండానే గుర్రాల గురించి నేర్చుకుంది. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతిచురుకుదనం తగ్గాయని 2015లో తేల్చారు. వీటన్నిటినీ కలిపి నేను అర్థం చేసుకున్నది ఇది. స్వారీ కొందరికి మేలు చేస్తుంది, చేసే మేలు ఓ మోస్తరు, మామూలు ఫిజియోథెరపీ మాన్పించి దీన్ని పెట్టడానికి వీల్లేదు. "గుర్రమెక్కితే నడక వస్తుంది" అని కరపత్రం వేసి చందా అడిగితే అది మోసం. నడక రాని పిల్ల తల్లి రెండోసారి మోసపోవడం మొదటిసారి కంటే ఘోరం.

ఎవరిని ఎక్కించకూడదో కూడా దాతకు తెలియాలి, ఎందుకంటే ఆ వడపోతకు డబ్బు కావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి మెడ పైభాగంలోని రెండు ఎముకల మధ్య పట్టు సడలి ఉంటుంది. ఆ సంగతి తేల్చుకోకుండా గుర్రమెక్కిస్తే వెన్నుపాముకే ముప్పు. తుంటి కీలు తప్పిన పిల్లలు, మందులకు లొంగని మూర్ఛ ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు ఎక్కకూడదు. పెద్దవాళ్ల విషయంలో బరువు లెక్క ఉంది. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదంటారు. కాబట్టి ముందు ఎక్స్‌రే, డాక్టరు చీటీ, ఆ తర్వాతే గుర్రం.

ఇక పోషణ. రూపాయల్లో చెబితే రేట్లు మారిపోతాయి కనుక కిలోల్లో చెబుతాను. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 10 కిలోల ఎండుమేత కావాలి. నీళ్లు 25 లీటర్లకు తక్కువ కాకుండా, నెల్లూరు మే నెల ఎండలో ఇంకా ఎక్కువ. చెమటతో పోయే ఉప్పు తిరిగి ఇవ్వాలి. ఉలవలు, తవుడు, గడ్డి ఇక్కడ దొరికేవే. లాడాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మార్చాలి, అసలు చిక్కు అక్కడే ఉంది. జట్కాబండ్లు తిరిగిన కాలంలో ప్రతి పట్నంలోనూ లాడం కొట్టే మనిషి ఉండేవాడు. ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పెట్టుకున్నవాళ్లను వెతికి, వాళ్లు ఎవరిని పిలుస్తారో కనుక్కోవాలి. ధనుర్వాతం గుర్రాలకు తేలిగ్గా పట్టే జబ్బు, టీకా తప్పనిసరి. ఈగల వల్ల వచ్చే సర్రా అనే జబ్బు ఉంది. గ్లాండర్స్ అయితే మనిషికీ అంటుతుంది, పరీక్ష చేయించకుండా గుర్రాన్ని పిల్లల దగ్గరికి రానివ్వకూడదు. కడుపునొప్పి వస్తే గంటల్లో పశువైద్యుడు రావాలి. గుర్రాన్ని చూసుకునే సైసు ఉండాలి, అతనికి నెల జీతం ఉండాలి, సెలవు రోజు అతని బదులు ఇంకొకరు ఉండాలి. గుర్రానికి ఆదివారం లేదు, పండగ లేదు, కేంద్రం మూతపడ్డ వానాకాలంలో కూడా దాని పొట్ట మూతపడదు.

మనుషుల లెక్క ఇంకొకటి. ఒక్క పిల్లకు ముగ్గురు కావాలని పైన చెప్పాను. ఒక పూటలో ఆరుగురు పిల్లలు ఒకేసారి తిరగాలంటే పద్దెనిమిది మంది. వీళ్లందరికీ జీతాలిస్తే ఏ చందా చాలదు. విదేశాల్లో ఈ ముగ్గురూ సాధారణంగా జీతం తీసుకోనివాళ్లే, వారానికి ఒక పూట వచ్చి నడిచేవాళ్లే. చందా పుస్తకంలో డబ్బు గడి పక్కన గంటల గడి కూడా ఉండాలని నేను అందుకే అంటాను. సంగం, ఆత్మకూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలున్నారు, రిటైరైన టీచర్లున్నారు. వారానికి రెండు గంటలు, ఏడాదిపాటు తప్పకుండా వస్తానని రాసిచ్చే పాతికమంది దొరికితే, ఒక లక్ష రూపాయల చెక్కు కంటే దాన్నే పెద్ద విరాళంగా భావిస్తాను.

మన దగ్గర ఇలాంటి దీర్ఘకాలపు దానానికి నమూనాలు లేవని ఎవరైనా అంటే ఒప్పుకోను. తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి ఉంది. 1985 ప్రాంతంలో మొదలై, దివ్యాంగులకు ఆపరేషన్లు చేస్తూ, కృత్రిమ అవయవాలు ఇస్తూ దేవస్థానం ట్రస్టు కింద నడుస్తోంది. నెల్లూరు జిల్లా నుంచి ఎన్ని వేల పోలియో కాళ్లు అక్కడికి వెళ్లి వచ్చాయో ఈ తరానికి గుర్తుండకపోవచ్చు. అదే 1985 ఏప్రిల్‌లో తిరుమలలో ఎన్టీ రామారావు నిత్యాన్నదానం ప్రారంభించారు. మొదట్లో రోజుకు 2,000 మందికి. దాని రహస్యం వంటలో కంటే నిధిలోనే ఎక్కువ ఉంది. దాత ఇచ్చింది బ్యాంకులో ఉంటుంది, వడ్డీతో భోజనం పెడతారు, అసలు కదలదు. ఊళ్లలో గుడి అన్నదానాలకు కూడా ఇదే పద్ధతి. తండ్రి తిథి రోజున ఏటా భోజనం పెట్టండని ఒకసారి కట్టేస్తే, కట్టినవాడు పోయాక కూడా ఆ రోజు పంక్తి కూర్చుంటుంది. గుర్రం మేతకు ఇంతకంటే సరిపోయే పద్ధతి నాకు కనిపించలేదు. అమ్మ పేరు మీద ఏటా ఒక రోజు మేత అంటే మన దాతకు వెంటనే అర్థమవుతుంది. అదే "పునరావృత వ్యయానికి సహకరించండి" అంటే అర్థం కాదు, అర్థమైనా చెయ్యి జేబులోకి పోదు.

రెండో నమూనా అనంతపురం రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అంటే ఆర్‌డీటీ. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆ సంస్థ పల్లెల్లో దివ్యాంగుల సంఘాలతో దశాబ్దాలుగా పనిచేస్తోంది. దాని బలం స్పెయిన్‌లో నెలనెలా కొద్ది మొత్తం పంపే మామూలు కుటుంబాలు. అది ఏ ఒక్క భారీ దాత మీదా నిలబడలేదు. అయితే ఆ బలం ఎంత సున్నితమో 2025లో చూశాం. విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడితే అనంతపురం జనం రోడ్ల మీదికి వచ్చారు. సంగంలో ఏది మొదలుపెట్టినా సగం డబ్బైనా ఇక్కడి నుంచే రావాలన్న పాఠం నేను దాంట్లో చదువుకున్నాను.

చట్టాల సంగతి కొంచెం పొడిగా ఉంటుంది గానీ, దాతలు తప్పులు చేసేది ఇక్కడే. నెల్లూరు వాళ్లు అమెరికాలో, గల్ఫ్‌లో, సింగపూర్‌లో ఉన్నారు, పంపాలని ఉంటుంది. భారత పౌరసత్వం ఉంచుకున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, పంపితే వస్తుంది. అప్పుడు సంస్థకు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి, 2020 సవరణ ప్రకారం పాలనా ఖర్చు ఇరవై శాతం దాటకూడదు, వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు బదలాయించకూడదు. అన్నదమ్ముల్లా ఉండే ఇద్దరు దాతల డబ్బు రెండు దారుల్లో రావాల్సిన పరిస్థితి ఇది. ఇక్కడి దాతలకు ఆదాయపు పన్నులో 80జి పేరుతో తెలిసిన మినహాయింపు ఉంది. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే ఆ విరాళానికి మినహాయింపు రాదు. అందుకని హుండీ కంటే బ్యాంకు మేలు.

కంపెనీల బాధ్యత వేరే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చుచేయాలి. ఆ జాబితాలో దివ్యాంగుల చదువు, పారాలింపిక్ క్రీడల శిక్షణ రెండూ ఉన్నాయి. కృష్ణపట్నం రేవు, దాని చుట్టుపక్కల థర్మల్ కేంద్రాలు మన జిల్లాలోనే ఉన్నాయి కదా, అడగడానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఒక్కరోజు కార్యక్రమాలు ఆ ఖాతాలోకి రావని కేంద్రం 2014లోనే స్పష్టం చేసింది. దివ్యాంగుల దినోత్సవం నాడు ఊరేగింపు గుర్రం తెచ్చి పిల్లలను ఒక రౌండు తిప్పి ఫొటో దిగేవాళ్లకు ఆ ఉత్తర్వు చూపించాలి.

ఆ ఫొటో గురించి ఒక మాట. 1980లో బ్రిటన్‌లో లీ పియర్సన్ అనే పిల్లవాడికి ధైర్యానికి బహుమతి ఇచ్చారు. ప్రధాని మార్గరెట్ థాచర్ అతన్ని ఎత్తుకుని తన ఇంటి మెట్లెక్కారు. ఆ సంఘటన అంతటితో ఆగిపోయి ఉంటే అది దయకు ఒక నమూనాగా మిగిలేది. ఆ పిల్లవాడు పెరిగి పారాలింపిక్స్ గుర్రపు స్వారీలో 14 స్వర్ణాలు గెలిచాడు. చందా ఇచ్చేవాళ్లు ముందే తేల్చుకోవాలి, పిల్లను ఎత్తుకోవడానికి ఇస్తున్నామా, పగ్గాలు చేతికివ్వడానికి ఇస్తున్నామా అని. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ముప్పయ్యో అధికరణం ఆటపాటల్లో పాల్గొనడాన్ని హక్కు అంటుంది, మన దేశం 2007లో దాన్ని ఆమోదించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచి, క్రీడలకు ఒక సెక్షనే కేటాయించింది. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలతో చందా అడగకూడదన్నది నేను పెట్టే మొదటి షరతు. ఆ పిల్ల పదేళ్ల తర్వాత తన ఊళ్లో ఉద్యోగానికి వెళ్తుంది, అప్పుడు ఆ పోస్టరు ఆమె వెంట రాకూడదు.

సంగం విషయానికొస్తే, అక్కడ గుర్రపుశాల కట్టమని నేను అనను. భవనానికి దాతలు క్యూ కడతారు, శిలాఫలకం మీద పేర్లు పడతాయి, రెండో ఏడాదికి గడ్డి ఉండదు. నెల్లూరులో సికింద్రాబాద్ జాతీయ సంస్థ కింద నడిచే దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం, సీఆర్‌సీ, ఉంది, మొదట పిల్లల వడపోత, థెరపిస్టుల సలహా అక్కడ అడగాలి. తర్వాత ఒకరిద్దరు గుర్రపు యజమానులతో వారానికి రెండు పూటలకు ఒప్పందం. నెమ్మదైన, నడివయసు గుర్రం కావాలి, రేసుల నుంచి తీసేసిన కుర్రగుర్రం వద్దు. పెన్నా తీరం వైపు మెత్తటి నేల ఉంది, కాలు బెణకని చోటు చూసుకుని, ఎండెక్కకముందే ముగించాలి. ఎనిమిది మంది పిల్లలతో ఆరు నెలలు నడిపి, ప్రతి పిల్ల నడుం ఎంతసేపు నిలుస్తోందో మొదట్లోనూ చివర్లోనూ రాసిపెట్టి, ఆ కాగితం దాతలకు చూపించాలి. మేలు కనపడకపోతే అదీ చూపించాలి. ఆరు వేల రూపాయల పింఛనుతో బండి నెట్టుకొస్తున్న ఇంటికి ఆటో కిరాయి కూడా భారమే కనుక, చందాలో మొదటి వాటా ఆటోకు పోవాలి. గుర్రానికి రెండోది.

నిధి ఏర్పడ్డాక దాని నియమాల్లో ఒకటి ముందే రాసుకోవాలి. గుర్రం పాతికేళ్లు, ఒక్కోటి ముప్పయ్యేళ్లు బతుకుతుంది. పిల్లలను మోయగలిగేది ఇరవయ్యో ఏడు చుట్టుపక్కల దాకా. ఆ తర్వాత దాన్ని ఎవరు మేపుతారు? పని అయిపోయిందని సంతకు తోలేస్తే, ఇన్నాళ్లూ దాని వీపు మీద స్వారీ చేసిన పిల్లలకు ఏం చెబుతాం? అందుకని రసీదు పుస్తకం మొదటి పేజీలోనే, వచ్చిన ప్రతి రూపాయిలో ఒక భాగం గుర్రం ముసలితనానికి దాచిపెడతామని అచ్చువేసి, ఆ పైన ఎంత శాతమో దాతల ముందే నిర్ణయించాలి.